కలిపే మాట ఎవరి చేతిలో ఉంది?

(ఒంటిమిట్టలో తల్లిదండ్రులు, సాయంత్రం బడులు నడిపే యువకులు, సంఘం కార్యకర్తలు కూర్చున్న సభలో ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును వీలైనంత వరకు అట్లే ఉంచాము. - సం.)



పొద్దున్నే కూలికి పోయి, సాయంత్రం ఇంటికొచ్చి, పొయ్యి మీద సంగటి దించి, పిల్లోళ్లకు పెట్టి, ఇక్కడ కూర్చున్నారు. అందుకని సోది లేకుండా చెప్తాను.

"పిల్లోళ్ల ఇంగ్లీషు గురించి మాట్లాడు సారూ" అని సంఘం వాళ్లు పిలిచినారు. ఇంగ్లీషు కావాలా వద్దా అని మన రాష్ట్రంలో పెద్ద పోట్లాటే జరిగింది. 2019 నవంబరులో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం అని జీవో వచ్చింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తర్వాత ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పక్క తెలుగు అచ్చేసిన పుస్తకాలు బడికొచ్చినాయి. తమ పిల్లలను కాన్వెంట్లకు పంపి, మన పిల్లోళ్లకు మాత్రం తెలుగు తీపి గురించి ఉపన్యాసాలిచ్చిన పెద్దమనుషులను ఆ రోజుల్లో చాలామందిని చూసినాము. వాళ్లకు జవాబు చెప్పడానికి వేరే సభ పెట్టుకుందాం. మీడియం ఏదైనా సరే, పుస్తకం ముందర కూర్చున్న మన పిల్ల ఎక్కడ ఆగిపోతా ఉంది? ఈ రోజు నేను చెప్పేది అది ఒక్కటే.

పిల్ల ఆగిపోయే చోటు

మన వాడ నుంచి హైస్కూలుకు పోయే తొమ్మిదో తరగతి పిల్లను ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాయమనండి. రాస్తుంది. "మై ఫాదర్ ఈజ్ ఎ కూలీ. మై మదర్ ఈజ్ ఎ కూలీ. ఐ హావ్ వన్ బ్రదర్. వుయ్ హావ్ వన్ బఫెలో." అన్నీ సరైన వాక్యాలే, ఎర్ర సిరా పెట్టే పని లేదు. ఇప్పుడు "నిన్న బడికి ఎందుకు రాలేదు?" అని ఇంగ్లీషులో అడగండి. నిలబడిపోతుంది. ఆ పిల్లకు మదర్ అనే మాట తెలుసు, ఫీవర్ తెలుసు, వర్క్ తెలుసు. జరిగిందేమంటే అమ్మకు జరమొచ్చింది, అందుకని అమ్మకు బదులు తాను పనికి పోయింది. ఆ ‘అందుకని’ దగ్గర పిల్ల ఆగిపోయింది.

మాటలన్నీ ఉన్నా వాటిని కలిపేది లేక మన పిల్లోళ్లు మూగోళ్లు అవుతా ఉన్నారు. పదో తరగతి పరీక్షలో ఉత్తరం రాయమంటే ఇదే, వాక్యాలు కలపమంటే ఇదే, రేపు ఇంటర్వ్యూలో కూర్చుంటే ఇదే. పేరు చెప్తాడు, ఊరు చెప్తాడు, డిగ్రీ చెప్తాడు. "ఈ ఉద్యోగం నీకు ఎందుకు?" అంటే తల దించుకుంటాడు. ‘ఎందుకు’ అనే ప్రశ్నకు ఒక్క వాక్యంతో జవాబు రాదు. రెండు సంగతులుండాలి, రెంటికీ ఉన్న సంబంధం చెప్పాలి.

దీన్ని చూసి "వీళ్లకు బుర్ర లేదు" అనే అయివార్లు ఇంకా ఉన్నారు. వాళ్లకు మన జిల్లా సంగతే ఒకటి గుర్తు చేస్తాను. సి.పి. బ్రౌన్ దొర 1820లో కడపకు ఉద్యోగానికొచ్చినాడు. తెలుగు నేర్చుకున్నాడు, జీతాలిచ్చి పండితులను పెట్టుకున్నాడు, ఏండ్ల తరబడి కష్టపడి నిఘంటువు చేసినాడు. ఆయన కష్టాన్ని తక్కువ చేయడం లేదు. ఆయనకు కంపెనీ జీతముంది, బంగళా ఉంది, అడిగిన మాటకు అర్థం చెప్పే పండితులున్నారు. మన పిల్లకు బడి విడిచాక ఎనుము ఉంది, చంకలో తమ్ముడున్నాడు, ఇంట్లో అడిగితే చెప్పేవాళ్లు లేరు. మా ఇంట్లో కూడా లేరు. మా ఇంట్లో పేరు రాయడం నేర్చిన మొదటివాణ్ణి నేనే. అందుకని ఇది బుర్ర లెక్క కాదు, నేర్పే లెక్క.

మన నోట్లో ఉన్న ముడి

నేను మొదట చెప్పిన వాక్యం గుర్తు చేసుకోండి. కూలికి పోయి, ఇంటికొచ్చి, సంగటి దించి, పిల్లోళ్లకు పెట్టి, కూర్చున్నారు. అయిదు పనులు, ఒకే వాక్యం. చివరి పని ఒక్కటే పూర్తిగా చెప్పినాను. మిగతా నాలుగూ ‘పోయి, వచ్చి, దించి, పెట్టి’ అని సగంలో ఆపి, పూసల మాదిరి గుచ్చినాను. బడి మెట్టు ఎక్కని మా జేజి కూడా ఇట్లా ఇరవై పనులు గుచ్చి చెప్పేది. వాక్యాలు కలపడం మనకు రాదని ఎవరన్నారు? తెలుగు పద్ధతిలో వచ్చు, ఇంగ్లీషు పద్ధతి వేరు.

ఇంగ్లీషులో ఈ ‘పోయి, వచ్చి’ పద్ధతి పనికిరాదు. అక్కడ ప్రతి పనికీ కాలం చెప్పాలి, చివరి పనికి ముందర ‘అండ్’ పెట్టాలి. "చేనికి పోయి గడ్డి కోసి ఎనుముకు వేసినాను" అనేదాన్ని మన పిల్లోడు "ఐ గోయింగ్ ఫీల్డ్ కటింగ్ గ్రాస్ గివింగ్ బఫెలో" అని రాస్తాడు. సారు చూసి నవ్వుతాడు. నవ్వాల్సిన పని లేదు. ‘పోయి’లో ఉండే సగం మాటకు ఇంగ్లీషులో సాటి ఏదా అని వెతికి, ‘గోయింగ్’ పట్టుకున్నాడు. వాడు ఆలోచించే ఆ పని చేసినాడు. వాడికి చెప్పాల్సింది ఒకటే: "అబ్బీ, ప్రతి పనినీ పూర్తి చేసి చెప్పు. ఐ వెంట్ టు ద ఫీల్డ్, కట్ సమ్ గ్రాస్ అండ్ ఫెడ్ ద బఫెలో."

తెలుగు వ్యాకరణం పాఠంలో సంశ్లిష్ట వాక్యం, సంయుక్త వాక్యం అని చెప్తారు. ‘పోయి, కోసి, వేసినాను’ సంశ్లిష్టం, చివరి పని మీద మిగతావి ఆనుకొని ఉంటాయి. సంయుక్తంలో రెండు వాక్యాలూ సమానం, ఏదీ ఇంకోదాని కింద ఉండదు. ఇంగ్లీషులో కాంపౌండ్ సెంటెన్స్ అనేది ఇదే. "వాన వచ్చి చెరువు నిండింది" అని మనం గుచ్చి చెప్పేదాన్ని ఇంగ్లీషోడు "ఇట్ రెయిన్డ్, అండ్ ద ట్యాంక్ ఫిల్డ్" అని రెండు నిండు వాక్యాలు చేసి కలుపుతాడు. తెలుగులో సంశ్లిష్టంగా ఉన్నది ఇంగ్లీషుకు పోయేసరికి సంయుక్తం అవుతుంది. ఈ ఒక్క ముక్క విడమరిచి చెప్తే పిల్లోళ్ల తప్పులు సగం తగ్గుతాయి.

ఇంకొక చిక్కుంది. బడిలో "అండ్ అంటే మరియు" అని చెప్తారు. మీ ఇంట్లో ఎవరైనా ‘మరియు’ అంటారా? "సంగటి మరియు ఊరిబిండి పెట్టమ్మా" అని ఏ బిడ్డ అడిగింది? ‘మరియు’ ఆఫీసు నోటీసులో ఉండే మాట. తెలియని ఇంగ్లీషు మాటకు తెలియని తెలుగు మాట చెప్పినాము, పిల్లకు రెండూ అందలేదు. మనం "అమ్మా నాయనా పనికి పోయినారు" అంటాం. ఆ ‘అమ్మా’లో, ‘నాయనా’లో తీసిన దీర్ఘమే మన ‘అండ్’. అది చూపించి చెప్పండి, పట్టుకుంటారు.

నాలుగు ముళ్లు చాలు

గైడ్లలో ఏడు మాటలు ఇచ్చి బట్టీ పట్టమంటారు: ఫర్, అండ్, నార్, బట్, ఆర్, యెట్, సో. నార్, యెట్, ఫర్ తర్వాత చూద్దాం. మొదట అండ్, బట్, ఆర్, సో. ఈ నాలుగు గట్టిగా వస్తే పిల్ల తన బతుకు చెప్పుకోగలదు.

అండ్ చెప్పినాను. బట్ అంటే మన ‘గానీ’. "చేను ఉంది గానీ నీళ్లు లేవు." ఇక్కడ చూడాల్సింది, మన ‘గానీ’ మొదటి వాక్యం తోకకు అంటుకొని ఉంటుంది, వాళ్ల ‘బట్’ రెండో వాక్యం తలమీద ఉంటుంది. అందుకే పిల్లోళ్లు "వుయ్ హావ్ ల్యాండ్ బట్." అని చుక్క పెట్టి, మళ్లీ మొదలుపెడతారు. చుక్క తీసేయమనండి. బట్‌కు ముందర కామా పెట్టమనండి. "వుయ్ హావ్ ల్యాండ్, బట్ వుయ్ హావ్ నో వాటర్." మరొక మోసం కూడా ఉంది. "నువ్వు గానీ మీ అన్న గానీ రండి" అన్నప్పుడు అదే ‘గానీ’ బట్ కాదు, ఆర్. ఒకే మాట, రెండు పనులు. పిల్ల తికమక పడితే కొట్టొద్దు, ఈ రెండు వాక్యాలు పక్కపక్కన రాసి చూపించండి.

ఆర్ అంటే ‘లేకపోతే’. "రేపో ఎల్లుండో" అన్నప్పుడు వచ్చే ఆ ‘ఓ’ కూడా అదే. సో అంటే ‘అందుకని’. "మై మదర్ హాడ్ ఫీవర్, సో ఐ వెంట్ టు వర్క్." తొమ్మిదో తరగతి పిల్ల చెప్పలేకపోయిన జవాబు ఇదే. ఎనిమిది ముక్కలు, ఒక ముడి.

‘బికాజ్’ సంగతి వేరే. ‘ఎందుకంటే’తో మొదలయ్యే ముక్క ఒంటరిగా నిలబడదు, కాబట్టి అది కాంపౌండ్ కాదు. పేరు ఏదైనా పిల్లకు బికాజ్ కావాల్సిందే, నేర్పండి. ఒక జాగ్రత్త మాత్రం చెప్పండి. మనం తెలుగులో "ఎందుకంటే వాన పడలేదు కాబట్టి" అని రెండు మాటలూ వాడతాం, ఎవరూ తప్పనరు. ఇంగ్లీషులో బికాజ్ పెడితే సో పెట్టకూడదు. ఆల్దో పెడితే బట్ పెట్టకూడదు. రెండు తాళ్లకు ఒక ముడి చాలు.

నేర్పే తీరు కూడా చెప్తాను. పుస్తకం తెరవక ముందర నోటితో మొదలుపెట్టండి. ఈ రోజు ఏం చేసినావో తెలుగులో చెప్పమనండి. అందులో ఎన్ని పనులున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టించండి. ఒక్కో పనినీ ఒక్కో ఇంగ్లీషు వాక్యం చేయించండి. ఆ తర్వాతే కలపడం. ఇద్దరు పిల్లోళ్లకు చెరొక వాక్యం రాసిన పలకలిచ్చి నిలబెట్టండి. మూడో పిల్ల చేతికి ‘అండ్’, ‘బట్’, ‘సో’ అని రాసిన అట్టముక్కలివ్వండి. మధ్యలో నిలబడి ఒక్కో అట్టముక్క మార్చి చూపించాలి. ప్రతిసారీ "ఇప్పుడు అర్థం ఏం మారింది?" అని క్లాసును అడగండి. ఆ పిల్లను పక్కకు పంపితే మిగిలిన రెండు వాక్యాలూ తమంతట తాము బతుకుతాయా అని కూడా అడగండి. బతికితే కాంపౌండ్.

‘గానీ’లో ఉండే కులం

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. అట్టముక్క మారితే ఏం మారుతుందో మనకంటే బాగా ఎవరికీ తెలియదు.

రెండు వాక్యాలు తీసుకోండి. ఈ పిల్ల మాదిగవాడ పిల్ల. ఈ పిల్ల క్లాసులో ఫస్టొచ్చింది. రెండూ నిజాలే. మధ్యలో ‘బట్’ పెట్టండి. "మాదిగవాడ పిల్లే గానీ ఫస్టొచ్చింది." వ్యాకరణం ప్రకారం తప్పు లేదు, పది మార్కులకు పది వేయాలి. ఆ ‘గానీ’ ఏం చెప్తా ఉంది? మాదిగవాడ పిల్లకు చదువు రాకపోవడమే మామూలు, ఇది వింత అని చెప్తా ఉంది. రెండు వాక్యాల్లో ఎక్కడా లేని తిట్టు, మధ్యలో ఉన్న చిన్న మాటలో దాక్కుని ఉంది. మెచ్చుకున్నట్టే ఉంటుంది, మెడ పట్టి తోసినట్టూ ఉంటుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక బడిలో, నా గురించి నా ఎదురుగానే అన్నారు: "ఎస్సీ అయినా పాఠం బాగా చెప్తాడు." అన్నాయన నన్ను పొగుడుతున్నాననే అనుకున్నాడు. ఆ ‘అయినా’ను ఇన్నేండ్లుగా మోస్తా ఉన్నాను.

ఆ అట్టముక్క మార్చి ‘అండ్’ పెట్టండి. "షి ఈజ్ ఫ్రమ్ ద మాదిగవాడ, అండ్ షి కేమ్ ఫస్ట్." ఇప్పుడు తలెత్తుకుంది వాక్యం. రెండు నిజాలూ సమానంగా నిలబడినాయి. కలిపే మాటలో చెప్పేవాడి తీర్పు ఉంటుంది. ఇన్ని తరాలూ మన గురించి వాక్యాలు వేరేవాళ్లు కలిపినారు. ఇప్పుడు మన పిల్లోళ్లు కలపాలి.

మన ఊరినే చూడండి. 2015 నుంచి రాష్ట్ర ప్రభుత్వం శ్రీరామనవమి ఉత్సవాలు ఒంటిమిట్ట కోదండరాముడి గుడిలో జరుపుతా ఉంది. దీపాలు, బస్సులు, కల్యాణం నాడు ఇసుక వేస్తే రాలని జనం. ఈ పండగ మీద పిల్లోళ్ల చేత వాక్యాలు రాయించండి. "మెనీ పీపుల్ కేమ్ టు అవర్ విలేజ్." ఇది అందరూ రాస్తారు. దానికి ఇంకొక వాక్యం మీ ఇంట్లో నుంచి తెచ్చి కలపమనండి. తెల్లారి రోడ్డు ఊడ్చిన తల్లి బిడ్డ "సో మై మదర్ స్వెప్ట్ ద రోడ్" అని కలుపుతుంది. సోడాలు అమ్మినోడి కొడుకు "అండ్ మై ఫాదర్ సోల్డ్ సోడా" అంటాడు. ఆ పండగ గురించి పేపర్లో రాని సంగతి ఆ ముడి దగ్గర బయటికొస్తుంది.

కాగితంలో ‘అండ్’, కాగితంలో ‘ఆర్’

బాబాసాహెబ్ చదువంతా ఇట్లాంటి ముళ్ల మీద నిలబడిన చదువు. రాజ్యాంగంలో పదిహేడో అధికరణాన్ని రాజ్యాంగ సభ 1948 నవంబర్ 29న ఆమోదించింది. దాని మొదటి వాక్యం కాంపౌండ్ సెంటెన్సే. ఒక సగం, అంటరానితనం రద్దయిందని చెప్తుంది. రెండో సగం, ఏ రూపంలో పాటించినా నిషేధం అని చెప్తుంది. మధ్యలో ‘అండ్’. మొదటి సగం ఒక్కటే ఉంటే? "రద్దయింది కదా, ఇప్పుడెక్కడుంది అంటరానితనం?" అని తప్పించుకునేవాళ్లు. హోటల్లో వేరే గ్లాసు పెట్టినా, గుడి గడప దగ్గర ఆపినా, ఆ రెండో సగం పట్టుకొని అడుగుతాం. ఆ రెండో సగాన్ని మొదటి దానికి కట్టింది మూడక్షరాల ఇంగ్లీషు మాట.

1989 అత్యాచారాల నిరోధక చట్టం తీసుకోండి. 2015 సవరణ తర్వాత, అంటే 2016 జనవరి 26 నుంచి, ఎస్సీ, ఎస్టీలను కావాలని అవమానించే నేరం సెక్షన్ 3(1)(ఆర్) కింద ఉంది. అవమానించడం ‘ఆర్’ బెదిరించడం. ఏదో ఒకటి జరిగితే చాలు, రెండూ జరగాల్సిన పని లేదు. "తిట్టినాడు గానీ బెదిరించలేదు కదా" అని స్టేషన్లో ఎవరైనా అంటే, ఆ ‘ఆర్’ మీద వేలు పెట్టి చూపించండి. అదే సెక్షన్లో, కించపరచాలనే ఉద్దేశం ఉండాలి, నలుగురి కంట పడే చోట జరగాలి. ఆ రెంటి మధ్య ‘ఆర్’ లేదు, రెండూ కావాలి. ఫిర్యాదులో ఎక్కడ జరిగిందో, ఎవరెవరు చూసినారో రాయకపోతే కేసు అక్కడే సడలిపోతుంది. కార్యకర్తలు ఇది గట్టిగా పట్టుకోవాలి.

మన కడప, రాజంపేట, రాయచోటి పక్క నుంచి ఎంతమంది అక్కచెల్లెళ్లు కువైట్‌కు ఇంటి పనికి పోతున్నారో మీకు నేను చెప్పనక్కరలేదు. అక్కడి కాంట్రాక్టు కాగితం అరబ్బీలో, ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగు ఉండదు. కువైట్ 2015లో 68వ నంబరు చట్టం చేసింది. ఇంటి పనివాళ్లకు వారానికొక రోజు సెలవు, ఏడాదికి జీతంతో సెలవు, రెండూ అందులో ఉన్నాయి. ఏజెంటు వచ్చి "వారం సెలవో ఏడాది సెలవో ఏదో ఒకటి ఇస్తారమ్మా" అంటే, ‘అండ్’ ఉన్నచోట ‘ఆర్’ పెట్టి మోసం చేస్తా ఉన్నట్టు. సంతకం పెట్టే ముందర ఆ కాగితం చదివి చెప్పే పిల్ల ఇంట్లో ఉంటే, ఆ తల్లి ఒక్కతే మోసపోయి అంత దూరం పోదు.

తెలుగు అర్జీకి కూడా ఇదే లెక్క. "మా వాడలో బోరు ఉంది. మోటారు కాలిపోయింది. మూడుసార్లు చెప్పినాము. ఎవరూ రాలేదు." నాలుగు ముక్కలు నాలుగు దిక్కులు. ఇదే "మోటారు కాలిపోయిందని మూడుసార్లు చెప్పినాము, కానీ ఎవరూ రాలేదు. అందువల్ల మా ఆడవాళ్లు దూరం పోయి నీళ్లు మోస్తున్నారు, కాబట్టి వెంటనే మోటారు వేయించాలి" అని రాయండి. తప్పు ఎవరిదో, కష్టం ఎవరిదో, అడిగేది ఏమో, మూడూ కాగితం మీదికొచ్చినాయి.

రేపటి నుంచి

సాయంత్రం బడి నడిపే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా మనవి. నెల రోజులు ఈ నాలుగు ముళ్ల మీదే ఉండండి. వారానికొకటి. రోజూ ప్రతి బిడ్డా తన ఇంటి సంగతి ఒకటి కలిపి చెప్పాలి, ఆ తర్వాత రాయాలి. తప్పు చెప్తే నవ్వొద్దు, నవ్వితే మరుసటి రోజు ఆ బిడ్డ నోరు తెరవదు. ఎదురెదురు పేజీల్లో తెలుగూ ఇంగ్లీషూ ఉన్న పుస్తకాలు ఇంట్లో ఉంటే పారేయొద్దు. తెలుగు పేజీలో ‘పోయి, వచ్చి’ ఎక్కడుందో గీత గీయించి, ఎదురు పేజీలో ఇంగ్లీషు దాన్ని ఎట్లా కలిపిందో వెతికించండి. అంతకంటే మంచి వ్యాకరణం పుస్తకం మన చేతికి రాదు.

తల్లిదండ్రులారా, మాకు ఇంగ్లీషు రాదు, మేమేం నేర్పగలం అనుకోవద్దు. రాత్రి తిండి దగ్గర ‘ఎందుకు’ అని అడగండి. బిడ్డ ‘అందుకని’ అని తెలుగులోనే జవాబు చెప్పనీయండి. "నోరు మూసుకొని తిను" అనొద్దు. తెలుగులో కారణం చెప్పడం అలవాటైన బిడ్డకు ఇంగ్లీషులో చెప్పడానికి మేము నేర్పుతాం. కారణం అడిగితే దెబ్బలు తిన్న బిడ్డకు నేర్పడం మా వల్ల కూడా కాదు.

ఆడపిల్లలను పదో తరగతితో ఆపొద్దు. సో, బట్ నేర్చుకున్న పిల్ల పెండ్లి మాటల దగ్గర కూడా ‘గానీ’ అంటుంది. అననీయండి.

ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి. అట్టముక్కలు, పలకలు తెచ్చినాను. పిల్లోళ్లు ముందరికొస్తే ఇక్కడే ఒకసారి చేసి చూద్దాం.

జై భీమ్.